నాన్న ఇచ్చేసిన ఆదివారాలు

మొన్న చంద్రపూర్ బస్టాండు దగ్గర కొత్త క్యాలెండరు కొన్నాను. రిటైరైన టీచరుకు అన్నీ సెలవులే, అయినా ఎర్ర అంకెలు వెతికే అలవాటు పోలేదు. ఆదివారాల మీద వేలు పెట్టి ఒక్కోటీ దాటుతుంటే నాన్న గుర్తొచ్చాడు.

బొగ్గు గనులు సర్కారు చేతిలోకి వెళ్లి, పనివాళ్ల జాబితాలన్నీ తిరగరాస్తున్న ఏళ్లవి. నాన్న, మా మేనమామ ఒకే గనిలో పనిచేసేవారు. మా తెలుగు క్రైస్తవుల మందిరంలో ఆదివారం పాట ఎత్తేది నాన్నే. పెద్దవాళ్లలో నాన్నకూ మామకూ తప్ప చదువు లేదు. మహారాష్ట్రలో పుట్టిన మా ఈడు వాళ్లందరివీ మరాఠీ చదువులు, తెలుగు మాట్లాడడమే గానీ అక్షరం రాదు. అందుకని నాన్న ఒక్కో చరణం ముందు చదివి వినిపిస్తే, వెనక అందరం అందుకునేవాళ్లం. మామ మాత్రం శనివారమే విశ్రాంతి దినమని నమ్మి వేరే సంఘంలో కలిశాడు. ఇక ఇద్దరూ మా ఇంట్లో అన్నానికి కూర్చుంటే కూర కంటే బైబిలు వాక్యాలే ఎక్కువ వడ్డించుకునేవారు. "ఆరు దినాలు పని చెయ్యుండ్రి, ఏడోనాడు కొట్లాడుండ్రి. అది ఏ వారమైనా నాకొక్కటే" అని అమ్మ విసుక్కునేది.

కొత్త జాబితాలో నాన్నకు ఆదివారం సెలవొచ్చింది, మామకు బుధవారం. మామ వరుసగా రెండు శనివారాలు పనికి పోలేదు. మూడోసారీ రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు ఆఫీసులో. అప్పటికే ముగ్గురు పిల్లలు, అత్తకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. శుక్రవారం పొద్దున ఆమె మా వంటింట్లో చతికిలపడి, "ఆయన దేవుణ్ణి ఇడువడు వదినా. దేవుడే మమ్ముల ఇడుస్తుండేమో" అని ఏడ్చింది. అంత మాటకారి మామ గోడకానుకుని తల దించుకున్నాడు.

నాన్న చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్లాడు. శనివారం సెలవున్న ఒక మరాఠీ ఆయన మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు, అదీ ఆదివారం ఇస్తేనే. ఆయన పిల్లలకు బడి లేనిది ఆ రోజే మరి. నాన్న తన ఆదివారం ఆయనకిచ్చి, ఆయన శనివారం మామకిప్పించి, మామ బుధవారం తను తీసుకున్నాడు.

సంగతి విని మామ, "బావా, మరి నీ మందిరం?" అన్నాడు.

"నువ్వు పట్టుకున్నది తప్పేరా. ఇప్పటికీ నేను గదే అంట" అన్నాడు నాన్న. "కని దేవునికి భయపడి పట్టుకున్నవ్. గా భయాన్ని నా చేతులతోని ఎట్ల తెంపుత?"

నాన్న లేని మొదటి ఆదివారమే, చదివి వినిపించేవాళ్లు లేక మా పాట రెండో చరణం దగ్గర ఆగిపోయింది. నాన్న శనివారం వాళ్లకు అమ్ముడుపోయాడని కొందరు అననే అన్నారు. ఆయన బుధవారాలు మందిరం తాళంచెవి తీసుకెళ్లి ఖాళీ చాపల ముందు ఒక్కడే పాడుకునేవాడు. కాలేజీ నుంచి వస్తూ ఒకసారి తొంగి చూశాను. చరణం చదివి, అందుకునేవాళ్ల కోసం అలవాటుగా ఆగుతున్నాడు. లోపలికి వెళ్లి అందుకోవాల్సింది. సిగ్గుపడి వచ్చేశాను. ఆ తప్పుకు నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు.

"నౌకరీ అయిపోతే ఆదివారాలన్నీ నాయే" అనేవాడు. ఇంకా ఏడాది ఉండగానే, బొగ్గు దుమ్ము మింగిన ఊపిరితిత్తులు ఆయన్ని తీసుకుపోయాయి. సమాధి చేసింది ఆదివారం. మామ పని మానేసి వచ్చి, నాన్న పాటల పుస్తకం తెరిచి మొదటి చరణం చదవబోయాడు. మొదటి మాట దగ్గరే ఏడుస్తూ పుస్తకం మూసేశాడు. మిగతా ఎవరికీ తెలుగు చదవడం రాదు. పాట లేకుండానే మట్టి వేశాం.

ఏ దినం దేవునిదో వాళ్లిద్దరూ చివరిదాకా తేల్చుకోలేదు. ఇచ్చేసిన దినం మళ్లీ రాదని మాత్రం నాన్నకు తెలుసు, తెలిసే ఇచ్చాడు.