బాపు నీళ్ళు తాగడం మానేశాడు

పక్షవాతం వచ్చిన కొన్ని నెలలకు మా బాపు కర్ర పట్టుకుని నడవసాగాడు. ఎడమ చెయ్యి సరిగ్గా లేవకపోయినా అన్నం తినడానికి కుడి చెయ్యి ఉంది. ఊరంతా బాగుపడ్డాడనే అనుకుంది. కానీ ఆయన గడప దాటేవాడు కాదు. హాలియా చుట్టుపక్కల గుట్టలూ మెట్ట చెలకలూ గొర్రెల వెంట తిరిగిన మనిషి, ఎన్నో రాత్రులు మంద దగ్గరే పడుకున్న మనిషి, వాకిట్లోకి ఎవరైనా వస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. మంద అమ్మేసిన దిగులేమో అనుకున్నాను.

నేను నల్గొండలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు, పొద్దున లేచేసరికి అమ్మ పెరట్లో బొంతలు పిండుతోంది. నన్ను చూసి ఆగిపోయింది. రాత్రి వాన పడి తడిశాయంది. అది నడి ఎండాకాలం. కాసేపటికి తనే చెప్పింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి బాపుకు మూత్రం ఆగడం లేదు. లేచి కర్ర అందుకునేలోపే పంచె తడిసిపోతోంది. అందుకని ఆయన నీళ్ళు తాగడమే మానేశాడు. ఎంత ఎండలోనైనా పెదవులు తడుపుకుని చెంబు పక్కన పెట్టేస్తున్నాడు.

దవాఖానలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“కాలుకు, చెయ్యికి మందులున్నయి బిడ్డా, గీదానికేముంటది? ఎవలకన్న చెప్తే నా మొకం చూడకు అన్నడు మీ బాపు.”

కాలు చూపిద్దామని చెప్పి ఇద్దరినీ నల్గొండ తీసుకొచ్చాను. డాక్టరుతో విషయం నేనే మెల్లగా చెప్పాను. ఆయన మూత్రపరీక్ష చేయించి, ఫిజియోథెరపీకి పంపాడు. అదంటే కాళ్ళకూ చేతులకే అనుకునేదాన్ని. ఆ గదిలో ఉన్నది నా ఈడు ఆడమనిషి. సూటిగానే అడిగింది.

“పెద్దయ్యా, మూత్రం ఆగుతలేదా?”

బాపు గోడవైపు తిరిగాడు. తరువాత నావైపు చూడకుండానే, “మా బిడ్డను బయటికి పంపుండ్రి” అన్నాడు.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఏం జరిగిందో అమ్మ తరువాత చెప్పింది. మూత్రాన్ని ఆపి పట్టే కండరాలు పొత్తికడుపు అడుగున ఉంటాయనీ, పక్షవాతం వల్ల మెదడు చెప్పే మాట వాటికి సరిగ్గా అందడం లేదనీ ఆమె వివరించిందట. ఊపిరి ఆపకుండా వాటిని లోపలికి బిగించి, కాసేపు పట్టి, వదలాలి. ఏ కండరమో బాపుకు అర్థం కాలేదు. నలుగురి మధ్య కూర్చున్నప్పుడు గాలి వస్తే ఎట్లా బిగబడతారో అట్లాగే అని చెబితే బాపు నవ్వాడట. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. నేను చూడలేదు. నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా తొందరపెడుతుందనీ, వచ్చినా రాకపోయినా వేళకు వెళ్ళిరావాలనీ కూడా చెప్పిందట. పూర్తిగా నయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

ఊరికి వెళ్ళిపోయాక ఇంట్లో అమ్మే గుర్తుచేసేది. బాపు మంచం మీద కూర్చుని బిగబట్టేవాడు. ఒక్కోరోజు మర్చిపోయేవాడు, ఒక్కోరోజు విసుగొచ్చి ముసుగు తన్నేవాడు. వానాకాలం అయిపోయేసరికి పగలు పంచె తడవడం తగ్గింది. రాత్రి బొంతలు మాత్రం తడుస్తూనే ఉన్నాయి.

ఆ చలికాలం పెద్దబాపు చనిపోయాడు. బాపుకు ఒక్కడే అన్న. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే మంద కాశారు. బాపు రాడనే అనుకున్నాం. పొద్దున్నే ఆయన తెల్ల పంచె కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. “మా అన్న మట్టికి నేను పోకుంటె ఎట్ల?” అన్నాడు.

పక్క ఊరికి ఆటోలో వెళ్ళాం. పెద్దబాపు కూతురు దూరం నుంచి రావాల్సి ఉండి శవం లేచేసరికి ఆలస్యమైంది. బాపు కర్ర మోపుకుంటూ పాడె వెనక చెలక దాకా నడిచాడు. గుంట దగ్గర ఆయన పళ్ళు బిగించి నిలబడితే ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. పిడికెడు మట్టి వేయడానికి వంగాడు. లేచేసరికి పంచె తడిసి కాళ్ళకు అంటుకుపోయి ఉంది. అమ్మ జరిగి ఆయన ముందు అడ్డంగా నిలబడింది.

మట్టి అయ్యాక అందరూ దగ్గర్లోని బోరు కాడికి స్నానానికి వెళ్ళారు. అందరికంటే ముందు బాపే పైపు కింద కూర్చున్నాడు. చలికి వణుకుతున్నా లేవలేదు. కాసేపటికి చుట్టూ ఉన్న మగవాళ్ళందరి పంచెలూ తడిసిపోయాయి. అప్పుడు లేచాడు.

తిరుగు ఆటోలో, ఊరు దగ్గరపడుతుండగా బాపు అన్నాడు:

“మట్టయితే ఏసిన బిడ్డా. గని నా మనసు మా అన్న మీద లేకుండె. గీదాని మీదనే ఉండె.”

అమ్మ కొంగుతో ఆయన తడి తల తుడిచింది. 

దినాలకు రమ్మని పెద్దబాపు కొడుకు కబురుపెట్టాడు. బాపు వెళ్ళలేదు. కాలు నొప్పిగా ఉందని చెప్పమన్నాడు. నేనూ అమ్మా వెళ్ళి అదే చెప్పాం.