నాయనమ్మ తలెత్తిన శుక్రవారాలు

నేను పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, అదీ ఫిజియోథెరపీ! చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర నెట్ సెంటర్లో నా నంబరు కనపడగానే గుర్తొచ్చింది పుస్తకాలు కాదు, నేను ఇంటర్ చదివే రోజుల్లో అమ్మవారి పటం ముందు ఊగిపోతూ నిలబడ్డ మా నాయనమ్మ.

శుక్రవారం తలంటుకుని, గోడకు ఎత్తుగా కట్టిన ఆ పటానికి దండ వేయడానికి తలెత్తిందంటే చాలు, కళ్ళు మూతలు పడి, ఇటూ అటూ ఊగి గోడ పట్టుకునేది. పక్క పోర్షన్ అత్తమ్మ చూసి, "శిగమొచ్చింది, అమ్మవారే మీదికొచ్చింది!" అని సందంతా చెప్పొచ్చింది, ఇక ప్రతి శుక్రవారం మా వరండా నిండా ఆడవాళ్ళు, కొడుక్కి నౌకరీ ఎప్పుడొస్తుందని అడగడానికి. మా అమ్మకు మాత్రం మొదటినుంచీ అనుమానమే. "మీ అమ్మకు నలుగురు చూస్తుంటెనే ఎందుకొస్తది? జర అడుగుండ్రి," అని నాన్నను పొడిచేది. నాయనమ్మ అవుననేది కాదు, కాదనేది కాదు, అందుకే నాకూ అనుమానమే. చివరికి ఒక శుక్రవారం వెలిగే దీపం మీదికే ఒరిగి, చీరకొంగు అంటుకోబోయేసరికి నాన్న భయపడి నారాయణగూడలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాడు.

ఆయన అమ్మవారి ఊసే ఎత్తకుండా, పడుకుని పక్కకు మళ్ళితే మంచం తిరిగినట్టుంటుందా అని అడిగాడు.

నాయనమ్మ ఓసారి నాన్న వైపు చూసి చెప్పింది. "తిరుగుతది సారూ. చెప్తే ముసల్దానికి కాలం దగ్గర పడ్డదని మంచంల పండబెడ్తరని చెప్పలే."

తల పక్కకు తిప్పి చటుక్కున వెల్లకిలా పడుకోబెడితే ఆమె కనుగుడ్లు వాటంతటవే గిలగిల కొట్టుకోవడం నేను చూశాను. నటన కాదు, శిగమూ కాదు, చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి చోటు తప్పి, తలెత్తితే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. తలను మెల్లగా రెండో పక్కకు, తర్వాత ఒంటినీ తిప్పి, లేపి కూర్చోబెట్టాడు. మందు లేదు, సూది లేదు, ఆ తిప్పడమే వైద్యం. దారంతా నాన్నకు డాక్టరు మీదే అనుమానం.

తర్వాతి శుక్రవారం అందరూ చూస్తుండగా నాయనమ్మ గోడకు ఒక చెయ్యి ఆనించి, తలెత్తి, దండ వేసి, ఊగకుండా వెనక్కి తిరిగింది.

"ఏం చూస్తున్నరు? దండం పెట్టుకొని పోండ్రి, ఇంట్ల పనిలేదా?"

ఆ సాయంత్రం అమ్మే పటాన్ని కిందికి దించి కట్టించింది.

ఇప్పుడా సందు నిండా తలుపులు మూసుకున్న అపార్ట్‌మెంట్లే. ముసలివాళ్ళు ఊగితే అనుమానించడానికైనా ఎవరూ రారు. పాసయ్యానని చెప్తే నాయనమ్మ, "కంప్యూటర్ల తప్పు పడ్డదేమో, మళ్ల చూడు బిడ్డా," అంది.

ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్ళు: అశోక్‌నగర్ పిన్ని, దోమలగూడ మేనమామ, గుర్తుంటానో లేదో ఆ డాక్టరుగారు, ఊరెళ్ళిపోయిన పక్క పోర్షన్ అత్తమ్మ. అమ్మవారిని వెళ్ళగొట్టే చదువు నువ్వూ చదివినవా అని ఆమె తప్పకుండా అడుగుతుంది.