డాబా మీద పై సా

మా బ్యాండులో పై సా అందుకోలేనివాడికి ముందు వరస లేదు. పెళ్లికొడుకు కారు దిగగానే ఒక్క ట్రంపెట్టే ఆ పైస్థాయి స్వరంతో పాట ఎత్తుకోవాలి, మిగతా మేళమంతా దాని వెనక రావాలి. ఏళ్ల తరబడి ఆ పని నాదే. పోయిన మాఘమాసంలో, ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందు, సరిగ్గా ఆ స్వరం దగ్గర నా ట్రంపెట్ తోక తొక్కిన పిల్లిలా అరిచింది. పెళ్లివారు పగలబడి నవ్వారు.

మా బ్యాండు మాస్టారు నవ్వలేదు. ఒకప్పుడు ముందు వరస ట్రంపెట్ ఆయనే. నొక్కి నొక్కి ఊది పెదవి పాడయ్యాక డోలు పట్టాడు. మర్నాడు నన్ను పిలిచి మెత్తగానే చెప్పాడు.

"శ్రావణం ముహూర్తాలకి పై సా ఎక్కకుంటే వెనక వరసల నిలబడు బిడ్డా. ఏం జేస్తం మరి."

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా పెదాల మీద. ఇంకొకడి వీపు చూస్తూ వాయించడం నావల్ల అయ్యే పనేనా?

చైతన్యపురిలో నా కిరాయి గది డాబా మీద ఉంది. తెల్లారగానే అక్కడ నిలబడి, మాకు తెలిసిన ఒకే ఒక దారి పట్టాను. మౌత్‌పీసును పెదాలకేసి అదిమి, మెడ నరాలు ఉబ్బేలా ఊదడం. డోళ్లు, డీజేలు, బస్సు హారన్ల మధ్య వాయించేవాళ్లం, మేమందరం ఇలాగే నేర్చుకున్నాం. రాకపోతే ఇంకా నొక్కు, ఇంకా ఊదు. పెదాలు వాచి ఇడ్లీల్లా అయ్యాయి గానీ సా మాత్రం రాలేదు.

ఒకరోజు పక్క హాస్టల్ కిటికీలోంచి ఓ అమ్మాయి చేతులు జోడించింది.

"అంకుల్, మీకో దండం. పరీక్షలు దగ్గరికొచ్చేశాయండి. కాస్త మెల్లగా వాయించుకోరూ?"

"మెల్లగ ఊదితే అది ట్రంపెట్ ఎట్లయితది? నీ చదువు నీకు, నా బతుకు నాకు!" అని కసిరాను.

ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని పుస్తకం మీదికి వంగింది. అయ్యో, దీనిదీ నాలాంటి బతుకే కదా అనిపించి ప్రాణం ఉసూరుమంది.

మర్నాటి నుంచి ట్రంపెట్ ముందువైపు వెడల్పాటి మూతిలో తువ్వాలు కుక్కి, కిటికీ దాకా వినబడకుండా ఊదాను. నొక్కితే గట్టిగా ఊదబుద్ధవుతుందని మౌత్‌పీసును పెదాలకు ఊరికే ఆనించేవాణ్ణి. మొదట్లో ఉత్త గాలి. ఛీ, ఇదేం ఖర్మ అని తిట్టుకున్నాను. మెల్లమెల్లగా పొట్టలోంచి సన్నగా, తెగకుండా ఊపిరి పంపడం అలవాటైంది. ఒక పొద్దున పా దాటి, నీ దాటి, పై సా వచ్చి వాలింది. నమ్మలేక మళ్లీ ఊదాను. మళ్లీ వచ్చింది! డాబా మీద ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను.

శ్రావణంలో దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి. పెళ్లికొడుకు కారు దిగాడు. తువ్వాలు లేదు, ఊపిరి మాత్రం అదే. సా ఎక్కడా వణకలేదు. మాస్టారు డోలు కొట్టడం ఆపి నా వంకే చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆయాసపడుతూ డాబా ఎక్కాడు. చంకలో గుడ్డ చుట్టిన పాత ట్రంపెట్.

"ఎట్ల ఎక్కినవ్ రా? నాకు గూడ జర చెప్పు."

సంగతంతా చెప్పి తువ్వాలు చేతికిచ్చాను. ఆయన హాస్టల్ కిటికీ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పెదవి మీది పాత మచ్చను తడుముకున్నాడు.

"నన్ను మెల్లగ ఊదుమని ఒక్కళ్లన్న అనలే రా."