బిస్కెట్ ప్యాకెట్ వెనక వైపు

మా ఇంట్లోకి ఏ ప్యాకెట్ వచ్చినా నేను చూసేది ఒక్కటే, పచ్చ చుక్క. అది ఉంటే గుడ్డు కలవలేదని అర్థం. దేవుని గది ఉన్న ఇంట్లోకి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. ఆ చుక్క ఉన్నదంతా ఒంటికీ మంచిదేనని ఎప్పటినుంచి నమ్మానో నాకే తెలియదు.

అత్తకు చక్కెర జబ్బు. కాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. నెలలోపల చక్కెర అదుపులోకి రాకపోతే వేలు తీసేయాల్సి రావచ్చని నంద్యాల డాక్టరు చెప్పాడు. అన్నం తగ్గించి కొర్రలు పెట్టాను, బెల్లం మాన్పించాను. అయినా దిగలేదు.

ఆ డాక్టరు ఉండే ఆస్పత్రిలోనే, ఏం తినాలో చెప్పే అమ్మాయి ఒకామె ఉంది. అత్త తినేవన్నీ అడిగింది. చివర్లో, టీతో రెండు గోధుమ బిస్కెట్లని చెప్పి సంచిలోంచి ప్యాకెట్ తీశాను.

"పచ్చ చుక్క ఉండాది కదమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. అందుకు ఆమెకు దండం పెట్టాలి.

"అది గుడ్డూ మాంసం లేవని చెప్పేదే అక్కా. మిగతా సంగతి ఎనక రాసుంటాది."

ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు రాయాలట. మొదట మైదా, తర్వాత చక్కెర. బొమ్మలో మెరుస్తున్న గోధుమలు ఎక్కడో కింద ఉన్నాయి.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే తెలుగు నేర్పాడు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, అంతే. ఆమె చక్కెరకు ఇంగ్లీషు మాట చీటీ మీద రాసిచ్చి, రెండు బిస్కెట్ల లెక్క ప్యాకెట్ మీద ఎక్కడుంటుందో చూపించింది. ఆళ్లగడ్డ బస్సులో దాన్ని ప్యాకెట్‌తో సరిచూసుకుంటూ వచ్చాను.

ఇంట్లో అత్త పక్కన కూర్చుని చదివాను. "రెండు బిస్కెట్లకు ఐదు గ్రాముల చక్కెరంట అత్తా. చెంచాడు."

"రెండిటికేనా?"

"రెండిటికే."

అత్త కొంగు సర్దుకుంది. "నేను ఆరు తింటాండా."

"ఎప్పుడు?"

"కోడి కూయకముందు. చెమట పడ్తాది, చేతులు వణుకుతాయి, ఒకటే ఆకలి. పొద్దంతా పని చేసి పండుకున్నదానివి, నిన్నెందుకు లేపేదని." అంతలోనే గొంతు పెంచింది. "ఇంగ రేపట్నుంచి చింతకాయక్కూడా చీటీ అంటిస్తావేమో."

నాకు నవ్వు రాలేదు.

మరునాడే నంద్యాల పోయి ఉన్నదున్నట్టు చెప్పాం. రాత్రి మాత్రతో చక్కెర మరీ పడిపోతోందని, బిస్కెట్లతో మళ్లీ ఎగబాకుతోందని డాక్టరు అన్నాడు. మాత్ర మార్చాడు. ఇంకోసారి వణుకు వస్తే దాచకుండా కోడలిని లేపమని అత్తకు గట్టిగా చెప్పాడు.

నెల తిరిగేసరికి చక్కెర దిగింది, పుండు అంచులు ఎండాయి. డాక్టరు కట్టు విప్పి చూసి, వేలి జోలికి పోనక్కర్లేదన్నాడు.

పొద్దున దీపం పెట్టి నరసింహస్వామికి మొక్కేటప్పుడు ఇప్పుడు ఇంకొందరినీ తలుచుకుంటాను. ఎన్ని బిస్కెట్లకు ఎంత చక్కెరో ప్యాకెట్ మీద రాసి తీరాలని, ఏ ఆఫీసులోనో కూర్చుని పట్టుబట్టినవాళ్లను. వాళ్లెవరో తెలియదు. ఆ ఒక్క వరుస చదవకపోతే అత్త నోరు విప్పేది కాదు.