గండి పూడిన అమావాస్య

ఐచుకీ పుట్టినప్పుడు వాళ్ల ఇంట్లో అప్పటికే ముగ్గురు ఆడపిల్లలు. ఇక వచ్చింది చాలు అనే అర్థంలో ఆ పేరు పెట్టారు. మా వైపు అలాంటి పేర్లు చాలానే ఉన్నాయి, ఎవరూ నొచ్చుకోరు. పదహారో ఏట జైసల్మేర్ దాపున ఉన్న మా ఖారియా ఢాణీ అనే చిన్న పల్లెకు కోడలుగా వచ్చింది. ఇప్పుడు యాభై నాలుగేళ్లు. పెనిమిటి దేవారాం పోయి ఏడేళ్లయింది. కొడుకు గుజరాత్‌లో రాళ్లు కోసే పనిలో ఉంటాడు. ఇంట్లో ఆమె, కోడలు పెంపో, రెండు మేకలు.

కరువు పనుల్లో ఆమెది నీళ్లు పోసే పని. భుజాన తోలుతిత్తి, చేతిలో ఇత్తడి లోటా. ఎవరికి ఎన్ని గుక్కలు కావాలో అడగకుండానే తెలుసు. ఎవరైనా చిరాకుగా ఉంటే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లేది. "వీడి కోపంలో సగం దప్పికే, పోయనీండి" అనేది. మిగిలిన నీళ్లు ఇంటి ముందు జమ్మిచెట్టు కింద పగిలిన కుండపెంకుల్లో పోసేది. పిట్టలు తాగాక అడుగున మిగిలిన తడిని తొండలు నాకేవి. దేవుడి పేరు పైకి పెద్దగా తలచేది కాదు గానీ, లోటా ఎత్తేటప్పుడు మాత్రం పెదవులు కదిలేవి.

ఈ కథ ఈ ఏటి జేఠ్, అంటే జ్యేష్ఠ మాసపు, అమావాస్యది.

మా పద్నాలుగు ఇళ్లకూ తిండి పెట్టేది ఒక్క ఖడీన్. రాతిమిట్ట మీద పడ్డ వాన జారి పల్లంలోకి వస్తుంది. అడ్డంగా మట్టికట్ట ఉంటుంది కాబట్టి అక్కడ ఆగుతుంది. శీతాకాలానికి నీళ్లు ఇంకిపోయాక, ఆ తడిలో గోధుమా శనగా చల్లుతాం. మళ్లీ చుక్క పోసే పని లేదు. అంతకు ముందు భాదోం, అంటే భాద్రపద మాసంలో వచ్చిన వాన కట్టకు ముప్పై మూరల గండి కొట్టింది. నీళ్లన్నీ గంటలో ఉప్పుపర్రలోకి వెళ్లిపోయాయి. ఆ ఏడాది ఎవరింట్లోనూ గోధుమ రొట్టె కాలలేదు. ఈసారీ నీళ్లు ఆగకపోతే మందలు తోలుకుని ఊరు విడిచిపోవడమే అని మగవాళ్లు అనుకోవడం మొదలైంది.

గండి పూడ్చే పని కరువు పనుల కింద మొదలై సగం అయింది. ఇసుకా రాళ్లూ పోశారు. ఇంతలో ఎండ నలభై ఏడు దాటింది, పనులు ఆపమని పై నుంచి హుకుం వచ్చింది. కట్ట బాధ్యత చూసే పెద్దమనిషి హమీరా తొందరపడలేదు. రోహిణిలో తొమ్మిది రోజులు సూర్యుడు ఎంత మండితే ఆ ఏడు వానలు అంత బాగుంటాయని మా నమ్మకం. ఆ తొమ్మిది రోజుల్లో వాన ఎవరూ కోరుకోరు, వస్తుందనీ అనుకోరు. "నవతపా పోనీండి, ఆషాఢం లోపల పూడ్చేద్దాం" అన్నాడు. అందరం సరే అన్నాం.

అమావాస్యకు ముందురోజు పొద్దున్న పెంపో ఫోను పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చింది.

"అత్తా, వాతావరణం వాళ్లు మళ్లీ పంపారు."

"ఏమంటారు?"

"ఇవాళ ఎర్ర రంగు. నలభై ఎనిమిది డిగ్రీలు, బయట తిరగొద్దంట. రేపు సాయంత్రానికి నారింజ రంగు. ఉరుములు, ఈదురుగాలి, భారీ వాన."

"పోయిన వారమూ వాన అన్నారుగా."

"అన్నారు. దుమ్ము వచ్చింది. మీరు ఆరేసిన కరీరకాయల్లో ఇంకా పళ్ల కింద కరకరమంటోంది."

ఐచుకీ నవ్వి, పిండిలో వేద్దామని ఉప్పుడబ్బా మూత తీసింది. చెంచా ఎత్తితే ఉప్పు జారలేదు, ముద్దగా చెంచాకే అంటుకుంది. మా దేశంలో జేఠ్ నెలలో ఉప్పు ఇసుకలా జారాలి. ఆమె చెంచాని రెండుసార్లు తిప్పి చూసింది. పిండి అలాగే వదిలేసి కొంగు ముఖం మీదికి లాక్కుని హమీరా ఇంటికి బయల్దేరింది.

హమీరా ఆమెకు వరసకు బావగారు, పెనిమిటి పెద్దనాన్న కొడుకు. అలాంటివాళ్ల ఎదుట మా ఆడవాళ్లు ముఖం చూపరు, నేరుగా మాట్లాడరు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె ఆయనతో ఒక్క మాటా ఆడలేదు. ఏదైనా చెప్పాలంటే పక్కవాళ్లతో అన్నట్టు అనాలి. ఆ పొద్దున్న వాకిట్లో పక్కవాడంటే ఒంటెబండి తోలే సుమార్ ఖాన్, అతని ఒంటె లాఖీ. సుమార్ హమీరాతో కలిసి చుట్ట కాలుస్తున్నాడు.

ఐచుకీ ఒంటె పక్కన నిలబడి దాని మెడ నిమిరింది. "లాఖీ, రేపు సాయంత్రం వానంట. గండి నోరు తెరుచుకునే ఉంది. కట్ట పెద్దలు ఏం ఆలోచించారో నీకేమన్నా తెలుసా?"

సుమార్ పొగ వదిలి, "భాభీ, అది నా మాటే వినదు, నువ్వు దాంతో పంచాయితీ పెట్టావు" అన్నాడు.

హమీరా గోడ వైపు చూస్తూ అన్నాడు. "సుమార్, ఆ ఒంటెతో చెప్పు. ఫోను చెప్పిన వాన ఫోనులోనే పడుతుంది. పైగా రేపు అమావాస్య. ఇనుము నేలకు తగలకూడదు. ఊరి దేవుడు రామాపీర్ బాబా పేర ఎద్దుకీ మనిషికీ సెలవు. మా తాతలనాటి నుంచి ఉన్నదే."

"నా ఒంటెకీ మీ అమావాస్య అలవాటైపోయింది, కాకా. ఆ రోజు లేవమంటే నన్నే అదోలా చూస్తుంది."

"సొంత పనికి కదా సెలవు, లాఖీ" అంది ఐచుకీ. "అమావాస్యనాడు కుంటలో పూడిక తీస్తే పుణ్యమని పెద్దలే కదా తట్టలు మోయించింది. నేను కొత్తకోడలిగా మోశాను. కుంట ఎండి బీటలిచ్చింది. పూడిక తీద్దాం. తీసిన బంకమట్టిని గట్టున పోసేదేదో నూరడుగులు అవతలికి పోస్తే గండిలో పడుతుంది. ఇసుక ఆపలేని నీళ్లను బంకమట్టి ఆపుతుంది."

హమీరా చుట్ట ఆర్పేశాడు. "కుంట అందరిది. ఖడీన్‌లో వాటాలున్నాయి. వాటా ఉన్నది సొంతం కిందికే వస్తుంది. బాబాకి అబద్ధం చెప్పినట్టు అవుతుందని చెప్పు ఆ ఒంటెకి."

ఆ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. దేవుణ్ణి మోసం చేయాలని ఆమె రాలేదు. ఒంటె మెడ మీద చెయ్యి తీయకుండానే మళ్లీ అందుకుంది.

"వాటాలు ఎప్పుడు వేస్తాం, లాఖీ? నీళ్లు ఇంకాక, తాడు పట్టుకుని. ఎవరి ముక్క ఎక్కడొస్తుందో ఏటికేడు మారుతుంది. తాడు వేసేదాకా అందులో నాదేది, పెద్దవాళ్లదేది? ఈ రోజుకి అది రామాపీర్ బాబాది. ఆయన పొలానికి ఆయన పండగనాడు మట్టి మోస్తే కోపగించుకుంటాడా? ఆయనేం పట్వారీ కాదుగా."

సుమార్ దగ్గాడు. అది నవ్వో, పొగో తెలియలేదు. హమీరా లేచాడు. తలపాగా సర్దుకుని, ఆ ఎండలోనే దిబ్బ మీది రామాపీర్ తిన్నె దగ్గరికి నడిచి వెళ్లాడు. చాలాసేపు కూర్చున్నాడు. తిరిగొస్తూ దారిలో సుమార్‌తో ఒక్క మాటే అన్నాడు. "పిలుపు ఎవరు మొదలెట్టారో వాళ్లే పళ్లెం మోగించాలి. అదీ రివాజు."

అంటే ల్హాస్‌కు, ఊరంతా కలిసి చేసే పనికి, ఒప్పుకున్నట్టు. ల్హాస్‌లో ఎవరినీ పేరుపెట్టి పిలవరు. కంచుపళ్లెం మోగిస్తూ ఢాణీ చుట్టూ ఒకసారి తిరగాలి, అంతే. వచ్చేవాడు వస్తాడు, రానివాణ్ణి ఎందుకు రాలేదని అడగకూడదు. కూలి ఉండదు, తీపి భోజనం ఉంటుంది.

తీపికి గోధుమ కావాలి. ఐచుకీ ఇంట్లో ఉన్నది బూడిద కలిపి దాచిన విత్తనం డబ్బా ఒకటే. దానిలో సగం చాటలో పోసి చెరగడం మొదలెట్టింది.

పెంపో ఆ చాట అంచు పట్టుకుంది. "విత్తనం, అత్తా. రేపు వాన రాకపోతే?"

"వాన వచ్చి నీళ్లు నిలవకపోతే ఈ విత్తనం ఎక్కడ చల్లుతావు, నీ జడలోనా? బెల్లం కొట్టు."

ఆ సాయంత్రమే ఢాణీ చుట్టూ పళ్లెం మోగించి, మర్నాడు తెల్లారక ముందే ఆమె కుంటలోకి దిగింది. వెనక పెంపో. కుంట గట్టున ఇంకెవరూ లేరు. నలుదిక్కులా ఇసుక చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఇద్దరాడవాళ్లు, రెండు తట్టలు, సగమే పూడిన ముప్పై మూరల గండి. ఆమె పెదవులు కదిలాయని పెంపో తరవాత చెప్పింది.

అప్పుడు గట్టు మీద పార భుజాన వేసుకుని హమీరా కనిపించాడు. ఎవరి వంకా చూడకుండా దిగి, మొదటి పెళ్ల పెకలించాడు. ఆ పార చప్పుడు ఢాణీ అంతా విన్నది. సూర్యుడు పైకొచ్చేసరికి నలభై ఒక్కమంది ఉన్నారు. ఒక బాలింతా, మంచం దిగలేనివాళ్లూ తప్ప ఇంట్లో మిగిలినవాళ్లు లేరు. సుమార్ ఒంటెబండి కట్టుకుని వచ్చాడు.

"లేచిందా?" అని అడిగారెవరో.

"భాభీ పిలిచిందని చెప్పాను. ఆవిడ మాటంటే దీనికి గురి."

ఎనిమిదింటికే గాలి పెనం మీది సెగలా ఉంది. పార కర్రలకు తడిగుడ్డలు చుట్టుకున్నాం. వడదెబ్బ తగలకుండా ఒక్కొక్కరూ తలపాగాలో ఒక ఉల్లిగడ్డ దోపుకున్నారు. ఐచుకీ తట్ట మోస్తూ మధ్యమధ్య తిత్తి ఎత్తుకుని వరస తిరిగేది. కళ్లు తిరిగిన కుర్రకోడల్ని చెయ్యి పట్టుకుని నీడకు తీసుకెళ్లి, ఆ పిల్ల తట్టా తనే మోసింది. పదింటికి ఎండ నిలబడనివ్వలేదు. తుమ్మల కింద గోనెలు కట్టి పడుకున్నాం. గోధుమనూకా బెల్లంతో వండిన లాప్సీ వచ్చింది. బెల్లం తక్కువైంది, ఎవరూ ఆ మాట అనలేదు. హమీరా భార్య, మంచం దిగలేని ముసలావిడ, రెండు కుండల మజ్జిగ పంపింది. అది ఆ ఇంట్లో ఉన్న మొత్తం మజ్జిగ అని తెచ్చినవాళ్ల ముఖం చూస్తేనే తెలిసింది.

నాలుగింటికి మళ్లీ లేచాం. ఇంకా ఎనిమిది మూరలుంది. పడమట ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది.

"దుమ్మే" అన్నాడొకడు.

"దుమ్మయితే దుమ్మే. నీ తట్ట నింపుకో" అంది ఐచుకీ.

ఆఖరి మూర పూడి, మగవాళ్లు కాళ్లతో తొక్కుతుండగా దుమ్ము మీదపడింది. పక్కమనిషి కనబడలేదు. ఆ వెంటనే చల్లగాలి, తడిసిన మట్టి వాసన, ఉత్తరాన ఉరుము. మొదటి చినుకులు ముంజేతుల మీద రాళ్లలా తగిలాయి. ఆ తరవాత వాన అనే మాట సరిపోలేదు. పావుగంటలో రాతిమిట్ట తెల్లగా మెరిసింది, నీళ్లు నురగతో పల్లంలోకి దూకి వచ్చాయి. మోకాలెత్తు, నడుమెత్తు. కొత్త కట్టను వచ్చి తాకాయి. కట్ట కదల్లేదు.

హమీరా పాత ఇసుకా కొత్త బంకమట్టీ కలిసిన చోట నిలబడి నీళ్లకేసి చూస్తున్నాడు. ఆయన మడమ వెనక, కట్ట బయటి వాలున వేలంత నీటిదార చిమ్మడం ఐచుకీ కంటపడింది. దార ఎర్రగా ఉంది. అంటే లోపలి మట్టి కరుగుతోంది.

"బావా, అక్కణ్ణించి జరగండి! మీ కాలికింద ఊట!"

ముఖం మీద కొంగు ఎప్పుడో గాలికి పోయింది. హమీరా తిరిగి చూసి పక్కకు దూకాడు. ఆమె తలమీది గోనె లాగి కట్ట లోపలివైపు నీళ్లలోకి దిగింది. ఊట మొదలైన చోటు కాలితో తడిమి, గోనె కుక్కి, దాని మీద నిలబడింది. "మట్టి! ఇక్కడ పొయ్యండి, నా కాళ్ల మీదే పొయ్యండి!"

తట్టలు చేతులు మారి వచ్చాయి. హమీరా తనూ దిగి ఆమె పక్కన నిలబడి తొక్కాడు, ఇంకోవైపు సుమార్. బయట దార ఎర్రదనం పోయి తేటపడింది, సన్నబడింది, చెమ్మగా మారి ఆగింది. పైన నీళ్లు పెరిగి పెరిగి, రాతికట్టడపు అలుగు దాకా వెళ్లి, అక్కణ్ణించి మర్యాదగా పొర్లాయి. పదేళ్లుగా మా అలుగు పొర్లింది లేదు. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఎవరు మొదలెట్టారో తెలియదు.

తెల్లారి చూస్తే కట్ట దగ్గర నుంచి మిట్ట దాకా ఒకటే నీటిపలక. ఎక్కడి నుంచి వచ్చాయో, ఇసుకకోళ్లు గుంపులుగా దిగి తాగుతున్నాయి. పద్నాలుగు ఇళ్లవాళ్లూ కట్ట మీద వరసగా నిలబడ్డాం. కొత్తనీటికి టెంకాయ కొట్టడం కట్ట పెద్ద చేసే పని. హమీరా టెంకాయ తీసుకుని వరస వెంట నడిచి, ఐచుకీ ముందు ఆగి, ఆమె చేతుల్లో పెట్టాడు.

"కొట్టమ్మా" అన్నాడు, ఆమెతోనే.

ఆమె అలుగురాతి మీద ఒక్క దెబ్బకు పగలగొట్టింది. సగం నీటిలో విడిచి, సగం ముక్కలు చేసి పంచింది. పిల్లలు అప్పటికే బట్టలు విప్పేసి దూకారు. హమీరా డెబ్భై ఏళ్ల మనిషి, తలపాగాతోనే నీళ్లలోకి దిగి గడ్డం మునిగేదాకా కూర్చున్నాడు.

"కాకా, లేవండి, నీళ్లు ఇంకాలి" అన్నాడు సుమార్.

"కార్తీకం దాకా లేవను. అప్పుడు తాడు తెచ్చి నన్ను కూడా వాటాలు వేసుకోండి."

ఐచుకీ నవ్వుతూ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. పెంపో చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచింది, ముందు పాదాలదాకా, తరవాత నడుందాకా.