ఎర్రమట్టి దిబ్బల్లో పోయిన ఓడ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళకి మనిషికి అంత జ్ఞానం ఎక్కణ్ణుంచి వస్తుందో, ముప్పై అయిదు దాటేసరికి అదంతా ఎటు పోతుందో ఇప్పటికీ అర్థం కాదు. వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో చేరి మూడు నెలలైంది. ఓడ జెట్టీకి కట్టగానే అక్కడ హాజరై, సరుకెక్కించే ముఠావాళ్ళని పనిలోకి దించడం నా ఉద్యోగం. ఇంకా టెంపరరీయే; పర్మనెంటు కాగితం ఆ వారంలో ఇస్తామన్నారు. (గాజువాకలో మా వీధి మొత్తానికి అమ్మ అది వచ్చేసిందనే చెప్పేసింది.) సరిగ్గా ఆ వారంలోనే నేను సెలవడిగాను.

"ఓడొచ్చేత్తే?" అన్నారు సూపర్‌వైజరు గారు. ఆయన గొంతుకి భయపడి వెనకాల అందరం సైరన్‌గారు అనేవాళ్ళం. "మన ఓడకి ఇంకో నాల్రోజులు జెట్టీలో బెర్తు దొరకదండీ, కావాలంటే రాసిస్తాను" అన్నాను. పదకొండు రోజులుగా సముద్రంలో లంగరేసుకుని కూర్చున్న ఆ ఆకుపచ్చ ఓడ సంగతి దాని కెప్టెన్‌కంటే నాకే బాగా తెలుసని నా నమ్మకం. ఆయన ఎగాదిగా చూసి, "అదొచ్చినప్పుడు నువ్వు లేవనుకో, మరి నువ్వు రానక్కర్లేదు" అని సంతకం పెట్టారు. నేను నవ్వుతూ బయటికొచ్చాను.

ఆ సెలవు మా బావ కోసం. మేనత్త కొడుకు, ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద కలాసీ. చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ కట్టేసున్నాయి, బావకి పొద్దుపోవడం లేదు. "భీమిలి కాడ ఎర్రమట్టి దిబ్బలు సముద్రంలోంచి రోజూ సూత్తాను గానీ లోపలికెల్లి ఎప్పుడూ సూళ్ళేదురా, అచ్చం ఎడారంట" అన్నాడు. పొద్దున్నే బండెక్కి బీచ్ రోడ్డు పట్టుకున్నాం. దిబ్బల దగ్గర బండి ఆపి, నా ఫోను సీటు కిందే పెట్టేశాను. లీవులో ఉన్నవాడికి ఫోనెందుకు? (బావ ఫోను అంతకు వారం ముందే హార్బర్ నీళ్ళలో కలిసింది.)

"ఒరే, ఆ కొండా, ఆ తాడిసెట్టూ గుర్తెట్టుకుందాం. బోటోళ్ళం అలగే సేత్తాం" అన్నాడు బావ. "సెట్లూ కొండలూ దేనికి బావా? అల్లదిగో మా ఓడ! తిరిగొచ్చినప్పుడు దానికేసి నడిస్తే సరిగ్గా బండి కాడికే వత్తాం" అన్నాను. "ఓడ తేలేదిరా, కదిలిపోద్ది" అన్నాడు. "మా ఓడ కదల్దు."

లోపల నిజంగా వేరే లోకం. వానలు కోసేసిన ఎర్రటి గోడలు నిలువెత్తున లేచాయి, వాటి మధ్య మనిషి పట్టేంత సందులు, తలెత్తితే ఇరుకైన ఆకాశం. ఒక సందులోంచి ఇంకో సందులోకి, అక్కణ్ణుంచి మరో దాన్లోకి మూడు గంటలు తిరిగాం. ప్రతి మలుపులోనూ నేనే ముందు. నీళ్ళు అయిపోయాక పాక్కుంటూ ఒక దిబ్బెక్కి సముద్రంకేసి చూశాను. మిగతా ఓడలన్నీ ఉన్నాయి. ఆకుపచ్చది లేదు.

"ఎటెల్లాలరా?" అన్నాడు బావ. అది జెట్టీకి వెళ్ళిపోయిందంటే నా ఉద్యోగం పోయినట్టే. "ఓడ లేదు బావా!" "ఓడ పోతే పోనీరా, దారేది?" "దారి పోతే పోనీ బావా, ఓడేది!" ఇద్దరం చెరో దాని కోసం అరుచుకుంటూ దిగి, ఒక సందులో దూరి, ఎదురుగా గోడ తగిలి వెనక్కొచ్చాం. ఇంకో దాన్లోనూ అంతే. పైన జీడిపిక్కలు ఏరుకుంటున్న ముసలమ్మ ఒకావిడ మా గోల విని తొంగిచూసింది. "ఏటి బాబూ, ఏటి పోనాది?" "ఓడ, మామ్మా" అన్నాను ఏడుపు గొంతుతో. ఆవిడ జాలిగా బావకేసి తిరిగి, "బేగి నీడకి తీసుకుపో నాయినా, ఎండ తగిలీసినట్టుంది" అంది. చివరికి ఆవిడే రోడ్డుదాకా దిగబెట్టింది.

ఫోన్లో సైరన్‌గారి పేరుతో పదిహేడు కాల్స్. నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రమట్టితో జెట్టీ మీదికి పరిగెత్తేసరికి, ఆయనే ఎండలో నిలబడి ముఠాని ఓడెక్కిస్తున్నారు. "ఫోనెత్తలేదు గదా, ఓడొచ్చిందని ఎవులు సెప్పినారు?" అన్నారు. అబద్ధమాడ్డానికి కూడా ఓపిక లేదు. "ఎవులూ సెప్పలేదండీ. దిబ్బెక్కి సూత్తే... అక్కడ లేదండీ" అన్నాను. ఆయన నా ఒంటి మీది ఎర్రమట్టికేసి చూశారు. తర్వాత జెట్టీ అదిరేలా నవ్వారు. "ముప్పై ఏళ్ళ సర్వీసురా నాది. ఓడెప్పుడొత్తాదంటే 'సూడాల' అంతాను గానీ ఒక్కపాలీ గట్టిగా సెప్పలేదు. నువ్వు రాసిత్తానన్నావు! ఎల్లి మొహం కడుక్కోని పైకెక్కు." ఆ మాటకి నిజంగానే ఏడ్చేశాను.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క ఓడకీ ఆలస్యంగా వెళ్ళలేదు, ఏ ఓడ గురించీ గట్టిగా చెప్పలేదు. మొన్న మా పాప, "నాన్నా, ఆదివారం ఎక్కడికైనా వెళ్దామా?" అంది. "చూడాలమ్మా" అన్నాను. అది మూతి ముడుచుకుని లోపలికెళ్ళాక నాలో నేనే నవ్వుకున్నాను. ఆ ఇరవై రెండేళ్ళ అన్నీ తెలిసినవాడైతే ఈపాటికి బండి స్టార్టు చేసి హారను కొడుతూ ఉండేవాడు.