నేను పొట్టి చేసిన స్ప్రింగు

పాతికేళ్ళుగా ఒక మాట నా గొంతు దాటలేదు. ఇంట్లో వాళ్ళకీ తెలియదు. నావల్ల ఒక సరైన జవాబు తప్పయిపోయింది. అది రాసిన అమ్మాయి ఈ రోజుకీ లోపం తనదే అనుకుంటోంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మేమిద్దరం ఢిల్లీలో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్ పిల్లలం. పన్నెండో క్లాసు. ఆమెను సుజాత అందాం, అసలు పేరు కాదు. వాళ్ళది కరీంనగర్ వైపు. సరళ హరాత్మక చలనాన్ని నేను సూత్రాలుగా బట్టీ పట్టాను, ఆమె అర్థం చేసుకుంది. ఒకసారి ల్యాబ్‌లో స్ప్రింగుకు బరువు తగిలించి, లాగి వదిలి, దాని దారి మధ్యలో నా అరచెయ్యి పెట్టించింది. ఠపీమని తగిలింది. వేగమంతా అక్కడే. అదే చెయ్యి అట్టడుగున పెడితే బరువు వచ్చి మెత్తగా ఆనింది.

"ఆగినట్టు కనవడ్తది గని శక్తి ఎటు పోలే. అంత స్ప్రింగ్‌ల దాసుకున్నది," అంది.

రెట్టింపు దూరం లాగితే శక్తి నాలుగింతలవుతుందనీ, అయినా ఊగే సమయం మారదనీ ఆమె చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఇప్పుడు లక్ష్మీ నగర్ కోచింగ్‌లో పిల్లలకు అదే చెబుతాను. మెప్పు నాకొస్తుంది.

ప్రాక్టికల్స్ ముందురోజు ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు, సరదాకి, ఒక స్ప్రింగుకు నా స్కూలు బ్యాగు తగిలించాను. చివరి చుట్లు సాగిపోయాయి. భయమేసి, పాడైన చుట్లను కటింగ్ ప్లయర్‌తో తుంచేసి, కొత్త కొక్కెం వంచి, పెట్టెలో పెట్టేశాను. చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుంది, బరువు త్వరత్వరగా ఊగుతుంది. నాకా సంగతి తెలుసు. అయినా ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. ఏ స్ప్రింగు బిరుసుకు ఎంత విలువ రావాలో సీనియర్లు ముందే చెప్పి పోయేవారు, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాయడమే మా స్కూల్లో ఆనవాయితీ.

మర్నాడు ఆ స్ప్రింగు ఆమెకే వచ్చింది. ఆమె చూసిందే రాసింది, అది రావలసిన విలువతో కలవలేదు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్, స్టాప్‌వాచ్ పట్టుకోవడం కూడా రాదా బేటా అని నవ్వాడు. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే వచ్చింది. ఒక్క అంకె దిద్దలేదు. నేనైతే దిద్దేవాణ్ణి. మార్కులు పోయాయి.

బయటికొచ్చాక నన్నడిగింది.

"నిన్న నువ్వు ల్యాబ్‌ల ఉన్నవ్ గద. ఆ స్ప్రింగ్ నిన్న గూడ అంత పొట్టిగనే ఉండెనా?"

"ఏమో, నేను చూడలేదు."

"అచ్ఛా. అయితే నేనే సక్కగ చెయ్యలే."

ఎందుకలా అన్నాను? భయమా? కొంత. కానీ ఆమె కూడా ఒకసారి తప్పు చేస్తుందని అందరూ చూడటం నాకు లోలోపల బాగుందనిపించింది. ఈ ఒక్క వాక్యం ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

ఫిజిక్స్ ఆనర్స్ తప్ప ఇంకేదీ వద్దనుకున్న మనిషి ఎకనామిక్స్‌లో చేరింది. ఈమధ్య నోయిడాలో వాళ్ళింటికి వెళ్ళాను. పదకొండో క్లాసు చదివే కూతురు ఏదో ప్రయోగం గురించి అడిగితే, "అంకుల్‌నడుగు బిడ్డా. ల్యాబ్ పని నాకు రాదు," అని నవ్వింది. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. ఆ రోజు ఆ గదిలో మేమందరం అబద్ధం రాసి మార్కులు తెచ్చుకున్నాం. సుజాత ఒక్కతే ప్రయోగం చేసింది.